మెట్టసీమలో ప్రజారోగ్య సేవ

నెల్లూరు జిల్లా అనగానే పెన్నానది నీటితో పండు మాగాణులు, వరిచేలు మనస్సునకు తోచును. తూర్పున ఆ మాట నిజమే. పడమరకు సాగినకొలది మాగాణి తరిగి మెట్ట హెచ్చును. తుదకు వెలికొండలు అడ్డుగా నిలుచును. ఆ కొండల దరిని ఉదయగిరి, దానికి ఆగ్నేయమున ఆత్మకూరు కలవు. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గమును 1514లో గజపతుల నుండి గెలుచుకొనిన కథను విద్యార్థులు చరిత్రలో చదువుదురు. ఈ మెట్టసీమ నీటి కథను చదివినవారు అరుదు.

ఈ సీమలోని కొన్ని పల్లెలలో నడివయస్సుననే నడుము వంగి, మెడ త్రిప్పలేక, చేతికఱ్ఱ పట్టినవారు పూర్వము కనబడుచుండిరి. కొందఱు దీనిని వాతమనిరి, కొందఱు కర్మఫలమనిరి. మద్రాసు చెంతనున్న గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూటుకు చెందిన షార్ట్, సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు దీని కారణమును వెదకిరి. నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధి ఫ్లోరోసిస్ అని, త్రాగునీటిలోని ఫ్లోరైడు దానికి మూలమని 1937లో వారు ప్రకటించిరి. అప్పటి నెల్లూరు జిల్లాలో కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు కూడ చేరియుండెను. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి అందు చేరినవి. జిల్లా సరిహద్దులు మాఱినను నేల క్రింది రాయి మాఱదు గదా! ఉదయగిరి వైపు మెట్ట పల్లెలలోను ఈ బాధ కలదు.

ఫ్లోరైడు కొన్ని రాళ్లలో సహజముగా నుండును. వాన తక్కువైన చోట నీరు చాలకాలము రాతిపొరల నడుమ నిలిచి ఆ లవణమును కరగించుకొనును. ఆ నీరు తేటగానే యుండును. రుచిలో భేదము తెలియదు. కాచినను దోషము పోదు, నీరు ఆవిరియైనకొలది పాలు మఱింత హెచ్చును. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో మొదట దంతములు, పిమ్మట ఎముకలు చెడును. శాశ్వత దంతములు రూపొందు బాల్యములో ఈ నీరు త్రాగిన పిల్లల పండ్లపై సుద్దవంటి మచ్చలు, గోధుమరంగు చారలు ఏర్పడును. పెద్దలలో కీళ్ల యొద్ది బంధనములు గట్టిపడును. వెన్నెముకలోని నరములు నొక్కుకొనిపోయినచో కాళ్లు పడిపోవుటయు కలదు. ఇది అంటువ్యాధి కాదు. ముదిరిన పిమ్మట మాన్పు మందును లేదు. కనుకనే వైద్యుని కంటె ముందుగా నీటిని పరీక్షించువాడు పల్లెకు రావలెను.

ఇచ్చటనే ప్రజారోగ్య వృత్తుల అవసరము తెలియుచున్నది. 2008–09లో భారత ప్రభుత్వము ఫ్లోరోసిస్ నివారణకై జాతీయ కార్యక్రమమును ఆరంభించినప్పుడు, మొదట ఎంచుకొన్న కొలది జిల్లాలలో నెల్లూరు ఒకటి. ఆ కార్యక్రమము క్రింద జిల్లాకొక సలహాదారు, నీటిని, మూత్రమును అయాన్ మీటరుతో పరీక్షించు ప్రయోగశాల సహాయకుడు, ఇంటింటికి తిరుగు క్షేత్ర పరిశోధకులు ఉండవలెనని ఏర్పాటు చేసిరి. డాక్టరు పట్టము లేనివారికిని ఇందు పని కలదు. రసాయనశాస్త్రము చదివినవారు, గణాంకశాస్త్రము తెలిసినవారు, పల్లెజనుల మాట ఓపికతో వినగలవారు, ముగ్గురును కావలసినవారే.

విధాన రచన ఇంకను కష్టమైనది. నాగపూరులోని నీరీ సంస్థ వారు పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడును తేర్చు పద్ధతిని కనుగొనిరి. ఫ్లోరోసిస్‌తో మిక్కిలి బాధపడిన నల్లగొండ పేరనే దానిని పిలుచుదురు. పద్ధతి సులభమే. అయినను పల్లెలో ప్రతిదినము పటిక కొలిచి కలుపువారెవరు? అడుగున చేరిన మడ్డిని ఎత్తివేయువారెవరు? దానికి సొమ్ము ఏ పద్దునుండి రావలెను? ఈ ప్రశ్నలకు జవాబు లేని చోట ఎంత మంచి యంత్రమైనను మూలపడును. నదుల, జలాశయముల నీటిలో సాధారణముగా ఫ్లోరైడు తక్కువ. కాబట్టి అట్టి నీటిని గొట్టముల ద్వారా తెచ్చుట మేలైన మార్గము. అది ఖర్చుతోను, కాలముతోను కూడిన పని.

నీరు మాఱినను అంతకు ముందే వంగిన నడుములు నిటారు కావు. వారి పక్షమున మాటలాడుట మఱియొక వృత్తి. వికలాంగుల హక్కులకై మన దేశమున మొదటి సమగ్ర చట్టము 1995లో వచ్చెను. స్వయముగా చక్రాల కుర్చీలో తిరుగుచు జావేద్ ఆబిదీ ఆ చట్టమునకై పోరాడెను. 2001 జనాభా లెక్కలలో వికలాంగుల లెక్క చేరుటకును ఆయన పాటుపడెను. ఆ సంవత్సరము తేలిన సంఖ్య 2.19 కోట్లు. లెక్కకు రానివారికి పద్దులో చోటు దొరకదని ఆయన యెఱిగియుండెను.

2016 చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించెను. అందు ఫ్లోరోసిస్ పేరు లేదు. అయినను ఎముకల, నరముల దోషముచే కదలికకు భంగము కలిగినచో అది చలన వైకల్యముగా పరిగణింపబడును. 40 శాతమునకు తగ్గకున్నట్లు ధ్రువపత్రము లభించినవారు ఆ చట్టములోని ప్రత్యేక ప్రయోజనములకు అర్హులు. అక్షరజ్ఞానము లేని వృద్ధురాలికి ఈ సంగతి ఎవరు చెప్పవలెను? ఆమెను పరీక్షకు తీసికొనిపోవుట, నిరాకరణ అన్యాయమని తోచినచో పైయధికారికి వ్రాయుట, రాష్ట్ర కమీషనరు దృష్టికి తెచ్చుట హక్కుల కార్యకర్త పని. న్యాయశాస్త్రము, సంఘసేవ చదివినవారు ఇందు రాణింతురు. స్వయముగా వైకల్యమును అనుభవించినవారి మాటకు ఇచ్చట విలువ హెచ్చు.

ఈ పనులన్నియు చిన్న చోటనే మొదలగును. క్షేత్ర పరిశోధకులు పల్లెకు వచ్చినప్పుడు పాఠశాలకు పోయి, 6 నుండి 11 ఏండ్ల పిల్లల నోళ్లు తెఱపించి చూతురు. మచ్చపడిన పండ్లు గల పిల్లలు ఏ వీధివారో, వారి ఇంట ఏ బావినీరు త్రాగుదురో వ్రాసికొందురు. ఆ పట్టికను బట్టియే ముందుగా ఏ బావినీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపవలెనో నిర్ణయింపవచ్చును.