బరువెత్తని రోజూ సాధనే

2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పురుషుల 77 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో స్వర్ణం, రజతం రెండూ మన దేశానికే దక్కాయి. స్వర్ణం గెలిచిన సతీశ్ శివలింగంది తమిళనాడులోని వేలూరు. రజతం అందుకున్న రవికుమార్‌ది ఒడిశాలోని బరంపురం. 2018లో కర్ణాటకకు చెందిన గురురాజ పూజారి, 2022లో మహారాష్ట్రలోని సాంగ్లి కుర్రాడు సంకేత్ సర్గర్ ఇవే క్రీడల్లో రజతాలు తెచ్చారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. మన బడులున్న రాష్ట్రాలకు ఈ ఆట కొత్తదీ కాదు, దూరమూ కాదు.

అందుకే హైస్కూలు పిల్లలు బార్ పట్టుకుంటామని అడిగినప్పుడు ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. బరువులెత్తితే పిల్లలు పొడవు పెరగరని కొందరి భయం. ఆటల కోటాలో సీటో, ఉద్యోగమో వస్తుంది కాబట్టి రోజూ రెండు పూటలా ఎత్తాల్సిందేనని మరికొందరి పట్టుదల. మొదటి భయానికి ఆధారం లేదు. సరైన పద్ధతిలో, తెలిసిన కోచ్ కళ్లెదుట చేసే సాధన ఎదుగుదలను ఆపదు. ఎవరూ చూడకుండా, పద్ధతి తెలియకుండా, మోయలేని బరువుకు పోటీ పడినప్పుడే ఎదిగే ఎముకకు ముప్పు. మేం ఎక్కువగా ఆలోచించమనేది రెండో మాట గురించే.

బలం ఎప్పుడొస్తుంది?

బరువెత్తుతున్న సమయంలో కండరం బలపడదు, అలసిపోతుంది. దాని పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి, నిల్వ ఉన్న శక్తి ఖర్చవుతుంది. ఆ తర్వాత తిండి, నిద్ర, విరామం దొరికితే శరీరం ఆ నష్టాన్ని పూడ్చుకుని మునుపటికంటే కాస్త గట్టిపడుతుంది. గట్టి సాధన చేశాక ఇందుకు సుమారు 48 గంటలు కావాలి. మరీ బరువైన రోజైతే 72 గంటలూ పట్టవచ్చు.

ఆరుతడి పైరు పండించే ఇళ్లలో ఇది సులువుగా అర్థమవుతుంది. నీరు పెట్టాక నేలను ఆరనిస్తాం. ఆరకముందే మళ్లీ తడిపితే వేరు కుళ్లుతుంది. మరీ ఆలస్యం చేస్తే పైరు వాడుతుంది. సాధనకూ అదే లెక్క.

రెండూ ఒకేసారి పెంచొద్దు

సాధనలో చూసుకోవాల్సినవి రెండు. ఎంత బరువు ఎత్తారన్నది తీవ్రత. ఎన్నిసార్లు ఎత్తారన్నది పరిమాణం. ఏడాదికి పైగా సాధన చేసిన 15 ఏళ్ల అమ్మాయి స్క్వాట్‌లో ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు 60 కిలోలని కోచ్ అంచనా వేశారనుకుందాం. అందులో 70 శాతం 42 కిలోలు. విడతకు 5 చొప్పున 5 విడతలు చేస్తే 25 సార్లు, మొత్తం 1,050 కిలోలు. 85 శాతమంటే 51 కిలోలు. విడతకు 3 చొప్పున 4 విడతలు చేస్తే 12 సార్లు, 612 కిలోలు. బరువు పెరిగిన రోజు ఎత్తే సంఖ్య సగానికి తగ్గిందన్నమాట. ఒకటి పెంచితే రెండోది తగ్గించాలి. పోటీలు దగ్గర పడ్డాయని రెండూ కలిపి పెంచితే మోకాలు, నడుము, మణికట్టు మొరాయించే ప్రమాదం ఉంది.

కొత్తగా చేరినవారికి ఈ శాతాల లెక్కే వద్దు. పోటీల్లో వాడే ఖాళీ బారే మగపిల్లలకు 20, ఆడపిల్లలకు 15 కిలోలుంటుంది. మొదటి నెలల్లో కర్రతోనో, తేలికపాటి బార్‌తోనో స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ కదలికలు నేర్చుకుంటే చాలు. ఎంత ఎత్తగలరో చూద్దామని పిల్లల మధ్య పందెం పెట్టకూడదు.

వారం ఇలా

కొంత అనుభవం ఉన్న పిల్లలకు వారంలో మూడు రోజుల సాధన చాలు. సోమవారం మధ్యస్థంగా, 70 నుంచి 75 శాతం. బుధవారం తేలిగ్గా, 60 నుంచి 65 శాతంతో పద్ధతి దిద్దుకోవడం. శుక్రవారం బరువుగా, 80 నుంచి 85 శాతం, తక్కువ సార్లు. మిగతా రోజుల్లో నడక, సైకిలు, ఒళ్లు సాగదీసే కసరత్తు. ఆదివారం పూర్తి సెలవు. మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి, నాలుగో వారం విడతలను సగానికి తగ్గించాలి. ఇది నమూనా మాత్రమే. పిల్లల్ని చూసి కోచ్ మార్చుకోవచ్చు.

అన్ని ఆటలూ కలిపి వారానికి సాధన గంటలు పిల్లల వయసును దాటకూడదన్నది క్రీడా వైద్యులు చెప్పే గుర్తు. 13 ఏళ్లవారికి 13 గంటలే గరిష్ఠం. 13 నుంచి 18 ఏళ్లవారికి రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. ట్యూషన్ ముగిసి పదకొండుకు పడుకున్న బిడ్డను నాలుగున్నరకే సాధనకు లేపితే ఆ రోజు ఎత్తిన బరువు బలంగా మారదు. పరీక్షల ఒత్తిడిని మోసేదీ ఆ ఒంటితోనే. ఆ వారాల్లో సాధనను సగానికి తగ్గిస్తే పోయేదేమీ లేదు. నేర్చుకున్న బలం రెండు వారాల్లో కరిగిపోదు.

నొప్పికి మాట దొరకాలి

మన పిల్లలకు మరో చిక్కుంది. కోచ్ కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో మాట్లాడతారు. పిల్లలకు ఆ భాష వచ్చినా, ఒంటి బాధను చెప్పే మాటలు మాత్రం ఇంట్లో నేర్చినవే. పట్టేసింది, సలుపుతోంది, పోటు పొడుస్తోంది, తిమ్మిరెక్కింది. ఈ నాలుగూ ఒకటి కాదు. అన్నింటినీ నొప్పి అనే ఒక్క మాటలో చెబితే కోచ్‌కు తేడా తెలియదు.

మర్నాడు రెండు తొడలూ సమానంగా పట్టేసి, కాస్త కదిలాక సర్దుకుంటే అది మామూలే. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఒక్క వైపే, ఒక్క చోటే పోటు వచ్చినా, కీలు వాచినా, వెనక్కి వంగితే నడుము నొప్పెట్టినా, కాలికో చేతికో తిమ్మిరి పాకినా ఆ రోజే ఆపి వైద్యులకు చూపించాలి. నిన్న తేలిగ్గా ఎత్తిన బరువు నేడు కదలకపోవడం, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, ఊరికే విసుక్కోవడం, ఆడపిల్లలకు నెలసరి తప్పడం చాలినంత విశ్రాంతి, తిండి అందడం లేదనడానికి గుర్తులు కావచ్చు.

ఇందుకు ఒక నోటు పుస్తకం చాలు. ఎత్తిన బరువు, ఎన్నిసార్లు, పడుకున్న గంటలు, ఎక్కడ ఎలాంటి నొప్పి అన్నవి పిల్లలు రోజూ తెలుగులో రాసుకోవాలి. వారానికోసారి వ్యాయామోపాధ్యాయులో, తెలుగు ఉపాధ్యాయులో చదివి కోచ్‌కు ఆయన భాషలో వివరించాలి. ఆ ఐదు నిమిషాల మాట ఒక గాయాన్ని తప్పించవచ్చు.

పోటీకి ముందు బరువు విభాగం కోసం పిల్లల్ని పస్తులుంచడం, నీళ్లు మాన్పించడం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ఎదిగే వయసులో ఒక విభాగం పైకి వెళ్లడం సహజం.

కోచ్‌ను ఎంత ఎత్తిస్తున్నారని అడిగే తల్లిదండ్రులు ఇకనుంచి ఎప్పుడు విశ్రాంతి ఇస్తున్నారని కూడా అడగాలని మా మనవి. పద్నాలుగేళ్ల బిడ్డకు ముందు ఎన్నో ఏళ్ల ఆట ఉంది. ఆదివారం ఇంట్లో పడి నిద్రపోతుంటే బద్ధకమని లేపకండి.