శీతకాలపు స్టీల్‌హెడ్ వేట: వదిలేసిన చేపకూ లెక్క ఉంది

గోదావరి వరదకు ఎదురీదే పులస మీకు తెలిసిందే. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. నది ఎక్కాక పులస. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలోని స్టీల్‌హెడ్‌దీ ఇలాంటి కథే. ఇది రెయిన్‌బో ట్రౌట్ జాతి చేప. శాస్త్రీయ నామం ఆంకోరింకస్ మైకిస్. బతుకంతా మంచినీటిలోనే గడిపితే దాన్ని రెయిన్‌బో ట్రౌట్ అంటారు. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నదికి వస్తే స్టీల్‌హెడ్ అంటారు. హిమాచల్ ప్రదేశ్, కాశ్మీర్ చెరువుల్లో పెంచే రెయిన్‌బో ట్రౌట్ కూడా ఈ జాతిదే.

వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ నదిని ఉదాహరణగా తీసుకుందాం. కాస్కేడ్ పర్వతాల మంచు కరిగిన నీటితో పారే ఈ నది ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో కలుస్తుంది. శీతకాలపు స్టీల్‌హెడ్ నవంబరు, ఏప్రిల్ నెలల మధ్య నదిలోకి ప్రవేశిస్తుంది. వేసవిలో వచ్చే గుంపు గుడ్లు పక్వం కాకముందే వచ్చి నెలల తరబడి నదిలో ఆగుతుంది. శీతకాలపు గుంపు దాదాపు పక్వమైన గుడ్లతోనే వస్తుంది.

చేప శరీర ఉష్ణోగ్రత నీటి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. నీరు 4, 5 డిగ్రీలకు పడిపోయినప్పుడు దాని జీవక్రియ మందగిస్తుంది. ఎర వెంట దూరం పరుగెత్తదు. పెద్ద బండల వెనుక, మనిషి నడిచేంత వేగంతో నీరు కదిలే చోట నిలుస్తుంది. కాబట్టి ఎరను అడుగుకు దగ్గరగా, నెమ్మదిగా, దాని ముందుకే తేవాలి. ఒడ్డున చెట్లు దట్టంగా ఉంటే దారాన్ని వీపు వెనక్కి విసరడం కుదరదు. రెండు చేతులతో పట్టే పొడవైన గాలపు కర్ర, బరువైన పొట్టి దారం, మునిగే కొస – వీటితో నీటి మీదినుంచే విసిరే పద్ధతికి ఈ నది పేరే వచ్చింది. కర్ర మీది వలయాల్లో మంచు గడ్డకడుతుంటే ఆగి తీసేసుకోవాలి. రోజంతా నిలబడినా ఒక్క చేప తగలకపోవడం ఇక్కడ మామూలే.

తగిలిన చేపలో మొదట చూడవలసింది వీపు వాజానికీ తోకకూ మధ్య ఉండే చిన్న కొవ్వు వాజాన్ని. హేచరీలో పెంచిన పిల్లలకు దాన్ని కత్తిరించి వదులుతారు. వాజం ఉంటే అది నదిలో సహజంగా పుట్టిన చేప, దాన్ని వదిలేయాలి. అలా వదలవలసిన స్టీల్‌హెడ్‌ను నీటిలోనుంచి పూర్తిగా పైకి ఎత్తడం వాషింగ్టన్ నిబంధనల ప్రకారం నేరం. గాలికి మొప్పల పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి చేపకు ఊపిరి అందదు.

ఇంత జాగ్రత్త ఎందుకు? ప్యూజెట్ సౌండ్ స్టీల్‌హెడ్‌ను 2007లో ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. పైగా పసిఫిక్ సాల్మన్ ఒకసారి గుడ్లు పెట్టి చనిపోతే, స్టీల్‌హెడ్‌లలో కొన్ని సముద్రానికి మళ్ళి, ఇంకోసారి గుడ్లు పెట్టడానికి వస్తాయి. బతికించిన చేప మరో తరానికి పెట్టుబడి.

కొన్నేళ్ళు మూసి ఉంచిన స్కాజిట్‌లో పట్టి వదిలే వేటను 2018లో తిరిగి అనుమతించారు. అనుమతి మెట్లుగా ఉంటుంది. నదికి తిరిగివచ్చే చేపల అంచనా 4,000 దాటకపోతే, మనుషుల వల్ల చనిపోయేవి అందులో 4 శాతం మించకూడదు. అంచనా 4,001 నుంచి 6,000 వరకు ఉంటే 10 శాతం. 8,000 దాటితే 25 శాతం. వదిలేసిన ప్రతి 100 చేపల్లో 10 చనిపోయినట్లే లెక్కిస్తారు. ‘వదిలేశాం కదా, నష్టమేముంది’ అనే మాట ఇక్కడ చెల్లదు.

ఈ పరిమితిలో ఆదివాసీ తెగల వాటా కూడా ఉంది. 1855 ఒప్పందం కింద తెగలకు దక్కిన హక్కు, పట్టదగిన చేపల్లో సగం వరకు అని 1974లో న్యాయమూర్తి బోల్ట్ తీర్పు చెప్పారు. అప్పర్ స్కాజిట్, సాక్-సూయాటిల్, స్వినోమిష్ తెగలు రాష్ట్రంతో కలిసి ఈ చేపల నిర్వహణ చూస్తాయి. వారికి ఇది వినోదం కాదు, ఆహారం.

ఉదాహరణకు అంచనా 5,000 అనుకోండి. పరిమితి 500 చేపలు. సగం తెగలకు పోగా 250 మిగులుతాయి. అంటే గాలం వేసేవారందరూ కలిసి 2,500 చేపలను పట్టి వదిలేసరికి వేట ఆపవలసిందే.

అభ్యాసం: అంచనా 3,800కు తగ్గితే ఎన్ని చేపలను పట్టి వదలవచ్చో లెక్కించండి. ఆ సంఖ్యకు వేట తెరవడం సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.