పసిబిడ్డ ఎదుగుదల - తల్లికి కావలసిన తోడు

కృష్ణపట్నం పేరు వినగానే ఆయుర్వేదాభిమానులకు 2021 మే నెల గుర్తుకు వచ్చును. కోవిడ్‌కు బొనిగి ఆనందయ్యగారు ఇచ్చిన మందు కొరకు ఆ నెలలో వేలాది జనం ఈ ఊరికి తరలివచ్చారు. నేను ఇప్పుడు వ్రాయదలచినది పొట్లములో కట్టి ఇవ్వలేని సహాయమును గురించి.

2008లో ఓడరేవు ప్రారంభమైన తరువాత, సమీపమున విద్యుత్ కేంద్రాలు వెలసిన తరువాత, ఉద్యోగరీత్యా ఈ ప్రాంతమునకు వచ్చిన కుటుంబాలు అనేకం. భర్తకు షిఫ్టు డ్యూటీ. పుట్టింట పురుడు పోసుకొని, మూడవ నెలలోనో ఐదవ నెలలోనో బిడ్డతో అద్దె ఇంటికి చేరిన ఇల్లాలికి పగలంతా పలకరించే దిక్కుండదు. అటువంటి తల్లులు "పాలు చాలడం లేదు, శతావరి వాడవచ్చునా?" అని అడుగుతారు. "ఇంట్లో తోడెవరున్నారమ్మా?" అని నేను ముందుగా అడుగుతాను. క్రోధము, శోకము, వాత్సల్యలోపము వలన స్తన్యము నశించునని సుశ్రుతుడు శారీరస్థానంలో చెప్పియున్నాడు గదా! ప్రసవమైన రెండు వారాల తరువాత కూడా దిగులు, ఏడుపు, నిద్రలేమి, బిడ్డపై మనసు నిలువకపోవుట వంటివి కొనసాగినచో లేహ్యాలతో కాలయాపన చేయక డాక్టరుకు చూపించవలెను. తనకు గాని, బిడ్డకు గాని హాని చేసుకోవాలనే తలపు వచ్చినదని ఆమె చెప్పినచో ఆ పూటే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను, ఒంటరిగా విడువరాదు.

ఇక బిడ్డ విషయం. ఆయుర్వేదపు ఎనిమిది అంగాలలో కౌమారభృత్యం ఒకటి. ఆటవస్తువులు రంగురంగులుగా, శబ్దము చేయునవిగా, తేలికగా ఉండవలెననీ, మొన తేలినవి, నోటిలో దూరునవి, భయపెట్టునవి పనికిరావనీ చరకుడు వివరించాడు. అన్నం తినని బిడ్డను రాక్షసుల, పిశాచాల పేరు చెప్పి బెదిరించరాదని కూడా అన్నాడు. బూచాడిని పిలిచే మన ఇళ్ళలో ఈ మాట ఎంతమంది పాటిస్తున్నారో! మెదడు అతివేగంగా పెరిగే తొలి మూడేళ్ళలో బిడ్డకు కావలసినది ఖరీదైన బొమ్మ కాదు. గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా ఒళ్ళు రుద్దుచూ కబుర్లు చెప్పుట, బిడ్డ "ఊ" కొట్టినప్పుడు తిరిగి పలుకుట, జోలపాట పాడుట, ఇవి చాలును. డ్యూటీ దిగివచ్చిన తండ్రి కూడా వీటిని చేయవచ్చును, చేయవలెను. నూనెను ముక్కులో, చెవులలో పోయరాదు.

పెద్దలు పంపిన వసకొమ్మును అరగదీసి నాకించుట, ఆముదపు ఉగ్గు పోయుట నేటికీ ఉన్నవి. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మరేదియు, చివరకు మంచినీరు కూడా, ఇవ్వకుండుట క్షేమం. వైద్యుడు వ్రాసిన మందులు వేరు. ఏడాది నిండనిదే తేనె నాకించరాదు. బాట్యులిజమ్ అను ప్రమాదకరమైన వ్యాధి రావచ్చును.

తోడు ఎక్కడ దొరుకును? చదువుకున్న కుటుంబాలవారు అంగన్‌వాడీని పేదలకు మాత్రమే అనుకొందురు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన ఈ పథకపు సేవలకు ఆదాయ పరిమితి లేదు. బిడ్డను నెలనెలా తూయించి, ఆ బరువు కార్డులో వ్రాయించుకొనవచ్చును. ఆసుపత్రిలో కాన్పు అయినచో ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలోను, 2018లో వచ్చిన పథకం ప్రకారం 3, 6, 9, 12, 15వ నెలలలోను ఇంటికి వచ్చి చూడవలసియున్నది. అయితే పుట్టింటినుండి ఊరు మారి వచ్చిన తల్లి సంగతి ఇక్కడి కార్యకర్తకు ఎట్లు తెలియును? తల్లీబిడ్డల కార్డు తీసుకొని తామే వెళ్ళి పేరు వ్రాయించుకొనవలెను. అక్కడ పరిచయమైన మరో ఇద్దరు తల్లులతో సాయంత్రం పూట కూర్చొని మాట్లాడుకొనినను ఎంతో ఊరట.

మూడు నెలలు నిండినా ముఖం చూచి నవ్వకున్నను, పెద్ద శబ్దమునకు ఉలికిపడకున్నను, తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేక కూర్చొనలేకున్నను, పద్దెనిమిది నెలలకు నడక గాని మాట గాని రాకున్నను పిల్లల డాక్టరుకు చూపించవలెను. "వాళ్ళ నాన్నకు కూడా మాటలు ఆలస్యమే" అని ఊరుకొనరాదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీలలోనే పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రమునకు ఉచితంగా పంపుదురు. వినికిడి లోపము తొలి నెలలలోనే తెలిసినచో, ఆరు నెలలలోపే చికిత్స మొదలుపెట్టిన బిడ్డకు మాటలు వచ్చుట సులభమగును.