05/06 అంటే మే ఆరా, జూన్ ఐదా?

ఈ ఎపిసోడ్‌లో తేదీల గొడవ గురించి మాట్లాడుకున్నాం కదా. వినడం కుదరని వాళ్ల కోసం అసలు విషయం ఇక్కడ రాస్తున్నాను.

2024లో నోవై నుంచి ఇంటికి బయలుదేరే ముందు, నేను రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ తెనాలిలో ఉన్న అమ్మకి మెసేజ్ పంపింది: "05/06/2024, ఉదయం 5:30, హైదరాబాద్." ఇక్కడ నెల ముందు రాస్తాం, అక్కడ రోజు ముందు. అమ్మ జూన్ 5 అనుకుంది. నేను పక్కనుంటానని కంటి ఆపరేషన్ ఆ వారానికే పెట్టించుకుంది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం. "తేదీ పంపానమ్మా", "చూశాన్రా" అనుకున్నామే గానీ నెల పేరు ఇద్దరం పైకి అనలేదు. ఫ్లైట్ ఎక్కే ముందు తెలిసింది. ఆపరేషన్ ముందుకి జరగలేదు, నా సెలవు పొడిగించడం కుదరలేదు. ఆ రోజు నేను నోవైలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

రోజు 13 లేదా ఆ పైన ఉంటే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది. 12 లోపు ఉంటేనే దాక్కుంటుంది.

కంప్యూటర్ మాత్రం సమయాన్ని ఒకే అంకెగా దాచుకుంటుంది: 1970 జనవరి 1 నుంచి, యూటీసీ ప్రకారం గడిచిన సెకన్లు. నేను దిగిన క్షణం 1714953600. అప్పుడు హైదరాబాద్‌లో మే 6 సోమవారం ఉదయం 5:30. నోవైలో ఇంకా మే 5, ఆదివారం రాత్రి 8 గంటలు. అంకె ఒకటే, తేదీలు రెండు!

ఇప్పుడు నా జావాస్క్రిప్ట్ కోడ్‌లో మూడు పనులు చేస్తున్నాను.

1. సెకన్లని 1000తో గుణిస్తాను, ఎందుకంటే అక్కడ 'డేట్'కి మిల్లీసెకన్లు కావాలి. మర్చిపోతే 1970 జనవరి చూపిస్తుంది.

2. టైమ్‌జోన్ పేరు ఇస్తాను: ఇంటికి 'ఏషియా/కోల్‌కతా', ఇక్కడికి 'అమెరికా/డెట్రాయిట్'. తొమ్మిదిన్నర గంటలు అని మనమే కలపకూడదు, చలికాలంలో అది పదిన్నర అవుతుంది.

3. 'ఇంటల్ డేట్‌టైమ్‌ఫార్మాట్'కి భాషగా 'టీఈ-ఐఎన్', తేదీ శైలిగా 'ఫుల్' ఇస్తాను. నెల, వారం పేర్లు తెలుగులోనే వస్తాయి.

ఇప్పుడు అమ్మకి "మే", "సోమవారం" అని అక్షరాల్లో వెళ్తుంది. మీకు కోడ్ రాకపోయినా పర్లేదు. ఇంటికి తేదీ పంపేటప్పుడు నెల పేరు రాయండి, ఎవరి టైమో కూడా చెప్పండి. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.