గ్యాస్ బండ దగ్గర మనం చేయగలిగేది ఏది? మెకానిక్‌ను ఎప్పుడు పిలవాలి?

మన హాస్టల్‌లో చదివిన వాళ్లలో చాలామందిమి పొగ మధ్య పెరిగినవాళ్లమే. కందికంప, పత్తికట్టె, చిల్లకంప, ఏది దొరికితే అది పొయ్యిలోకి పోయేది. అటువంటి ఇళ్లలోకి గ్యాస్ నెమ్మదిగా వచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2016 మే 1న కేంద్రం ఉజ్వల పథకాన్ని ప్రారంభించింది. 2024లో దీపం-2 పేరుతో ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా ఇచ్చే పథకం వచ్చింది. ఇవన్నీ మంచి పనులే. మన అమ్మల కళ్లమంట కొంతైనా తగ్గింది.

అయితే ఒక లోటు మిగిలిపోయింది. బండ దించిన రోజు ఏజెన్సీ మనిషి వచ్చి ఐదు నిమిషాల్లో అన్నీ చెప్పేసి వెళ్లిపోతాడు. ఆ ఇచ్చిన చిన్న పుస్తకం రేషన్ కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో పడిపోతుంది. దాన్ని చదవగలిగిన మనిషి ఇంట్లో ఎవరు? సెలవులకు ఇంటికి వెళ్లే మనమే. అందుకే ఈ విషయం మన వార్షికోత్సవ సంచికలో రాయాలని అనుకున్నాం. మేం ఎమ్మెస్సీలో కెమిస్ట్రీ చదివాం కాబట్టి లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పగలం. మిగతాది ఇళ్లలో చూసిందే.

బండలో ఏముంది?

బండలో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. ఒత్తిడి పెట్టి ద్రవంగా మార్చి నింపుతారు. అందుకే బండను కదిపితే లోపల నీళ్లలా కదులుతుంది. ఈ ద్రవం ఒక లీటరు బయటికి వస్తే దాదాపు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. గాలిలో ఈ గ్యాస్ సుమారు 2 శాతం నుంచి 9 శాతం మధ్య కలిసినప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. అంటే గది నిండా గ్యాస్ పట్టాల్సిన అవసరం లేదు, కొద్దిగా కారినా చాలు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఈ గ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. పొగలాగా పైకి పోదు. నీళ్లలాగా నేల మీద పారుతుంది, పల్లంలో నిలుస్తుంది. మన రేకుల ఇళ్లకు గాలి కోసం పైన చిన్న కిటికీ పెడతారు. పొగకు అది సరిపోయేది, గ్యాస్‌కు సరిపోదు. గ్యాస్ బయటికి పోవాలంటే తలుపు తెరవాలి, గడప దగ్గర దారి ఉండాలి.

ఇది ఎంత దూరం పోగలదో మన రాష్ట్రంలోనే ఒకసారి తెలిసింది. 1997 సెప్టెంబరు 14 ఉదయం విశాఖపట్నంలోని హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఇదే ఎల్‌పీజీ లీకై, మేఘంలా నేలబారున వ్యాపించి, నిప్పు తగిలి పేలింది. సుమారు 60 మంది చనిపోయారు. అది పెద్ద ట్యాంకులు ఉన్న చోటు, మనది ఒక బండ. కానీ నేలబారున పాకి నిప్పును వెతుక్కునే గుణం రెండింటికీ ఒకటే.

మన ఇళ్లలో ఆ నిప్పు ఎక్కడుంటుందో ఆలోచించండి. చాలా ఇళ్లలో స్టవ్ నేల మీదే ఉంటుంది, అమ్మ పీట వేసుకుని కూర్చుని వండుతుంది. అదే గదిలో నీళ్లు కాగడానికి కట్టెల పొయ్యి కూడా ఉంటుంది. గ్యాస్ అయిపోతుందన్న భయంతో రెండూ వాడతారు. మూలన దేవుడి దీపం. నేల మీద పారే గ్యాస్‌కు ఇంతకంటే దగ్గర దారి ఉండదు. బండ నేల మీద నిలువుగా, స్టవ్ దానికంటే ఎత్తున ఉండాలి అని కంపెనీలు చెప్పడానికి కారణం ఇదే. గట్టు కట్టించే డబ్బు లేకపోతే నాపరాయి ఒకటి రెండు వరుసల ఇటుకల మీద పెట్టినా చాలు. మార్కాపురం చుట్టుపక్కల రాయికి కరువా! కట్టెల పొయ్యి మాత్రం వేరే చోటికి, వీలైతే ఆరుబయటికి మార్చాలి.

ఆ వాసన ఎందుకు?

నిజానికి ఎల్‌పీజీకి చెప్పుకోదగ్గ వాసన లేదు. కుళ్లిన గుడ్డు లాంటి ఆ కంపు ఇథైల్ మెర్కాప్టన్ అనే పదార్థానిది. లీకైతే మనిషికి తెలియాలని కావాలనే కలుపుతారు. గ్యాస్‌కు వాసన కలపాలన్న పట్టుదల పెరగడం వెనుక ఒక బడి కథ ఉంది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊళ్లో 1937 మార్చి 18న ఒక పాఠశాల పేలిపోయింది. ఖర్చు తగ్గుతుందని చమురు బావుల దగ్గర వృథాగా పోయే గ్యాస్‌ను బడి వెచ్చదనానికి వాడుకున్నారు. అది లీకై భవనం కింద నిండింది. వాసన లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. వర్క్‌షాపులో ఒక మాస్టారు కరెంటు యంత్రం స్విచ్ వేశారు. దాదాపు 300 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు. ఆ తర్వాతే గ్యాస్‌కు వాసన కలపాలని అక్కడ చట్టం చేశారు.

కాబట్టి "కొంచెం వాసన వస్తాంది లే, బండ కొత్తది కదా" అని అమ్మ అంటే ఒప్పుకోకండి. బిగించేటప్పుడు ఒక్క క్షణం వచ్చే వాసన వేరు. బిగించిన తర్వాత కూడా వస్తూ ఉంటే అది లీకే.

వాసన వస్తే ముందు రెగ్యులేటర్ మీట కట్టేయాలి. పొయ్యి, దీపం, అగరుబత్తి ఏది వెలుగుతున్నా ఆర్పాలి. లైటు, ఫ్యాను స్విచ్ జోలికి పోకూడదు. వేయనూ కూడదు, వేసి ఉంటే ఆపనూ కూడదు. రెండింటిలోనూ రవ్వ వస్తుంది. ఇది చాలామందికి తెలియదు, గ్యాస్ పోతుందని ముందు ఫ్యాను వేస్తారు. తలుపులు బార్లా తెరిచి, పిల్లల్నీ ముసలివాళ్లనీ బయటికి పంపి, బయటికి వచ్చిన తర్వాతే ఫోన్ చేయాలి. నంబరు 1906. దేశమంతటా ఎల్‌పీజీ లీకేజీ కోసం 24 గంటలూ ఉండే నంబరు ఇది, ఏ కంపెనీ బండ అయినా ఒకటే. మంట లేస్తే 101. ఈ రెండు నంబర్లనూ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు సుద్దముక్కతో గోడ మీద పెద్ద అంకెలతో రాయండి. పలకల ఊరి పిల్లలం, ఆ మాత్రం రాయలేమా!

బండ మీద అక్షరం

బండ పైన చేత్తో పట్టుకునే వలయం ఉంటుంది. దాన్ని మోసే ఇనుప పట్టీల లోపలి వైపు ఒక ఇంగ్లిషు అక్షరం, రెండు అంకెలు పెయింటుతో రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. బి-28 అని ఉంటే 2028 జూన్ లోపల ఆ బండను పరీక్షకు పంపాలని అర్థం. గ్యాస్ పాడయ్యే తేదీ కాదు, ఇనుప బండ గట్టితనం మళ్లీ పరీక్షించాల్సిన తేదీ. ఆ తేదీ దాటిన బండ ఇంటికి వస్తే తీసుకోవాల్సిన పని లేదు, వెనక్కి పంపి వేరేది అడగవచ్చు. సీలు ఉందో లేదో చూడటం, తూకం వేయించడం కూడా మన హక్కే. బండ మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే వచ్చేది నిండు బరువు. మూతను దారంతో పాటు అలాగే ఉంచాలి, లీకైన రోజు బండ నోరు మూయడానికి పనికొచ్చేది అదే.

పైపు గురించి ఒక మాట. ఐఎస్ఐ గుర్తున్న నారింజ రంగు సురక్ష పైపు వాడాలి. లోపల ఇనుప తీగ అల్లి ఉంటుంది కాబట్టి ఎలుకలు సులువుగా కొరకలేవు. దాని ఆయుష్షు 5 ఏళ్లు, తేదీ పైపు మీదే ఉంటుంది. ఒకటిన్నర మీటరు కంటే పొడవు వద్దు, గోడలో నుంచి దూర్చవద్దు. నూనె మరకలు పడతాయని గుడ్డ చుట్టేవాళ్లు ఉన్నారు. గుడ్డ చుడితే పగులు కనిపించదు.

లీకు ఉందేమో చూడాలంటే సబ్బు నురుగు చాలు. రెగ్యులేటర్ చుట్టూ, పైపు రెండు చివర్లా రాస్తే, లీకున్న చోట బుడగలు లేస్తాయి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారంటే నమ్మరు. ఉన్నారు.

మెకానిక్ పని

బండ మార్చడం, సబ్బు నురుగు పెట్టడం, బర్నర్ తీసి కడిగి రంధ్రాలు పిన్నుతో శుభ్రం చేయడం, ఇవి మనం చేయగలం. మంట నీలంగా ఉండాలి. పచ్చగా లేచి గిన్నెల అడుగు మసి పడుతుంటే గాలి సరిగా కలవడం లేదని అర్థం. ముందు బర్నర్ కడగండి. కడిగినా పచ్చగానే ఉంటే అక్కడితో ఆపేయాలి. స్టవ్ కింద జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది, దాన్ని తీగతో పొడిచి రంధ్రం పెద్దది చేస్తే మంట పెరుగుతుందని కొందరు చెబుతారు. మంట పెరుగుతుంది, దానితో పాటు మండకుండా మిగిలే గ్యాస్ కూడా పెరుగుతుంది.

నాబ్ బిగుసుకుపోయినా, రెగ్యులేటర్ టక్కున కూర్చోకపోయినా, బండ నోటి దగ్గర బుస్సుమన్నా, సబ్బు బుడగ లేచినా, స్టవ్‌ను వేరే గదికి మార్చాలన్నా ఏజెన్సీ మెకానిక్ రావాల్సిందే. సందు చివర సైకిల్ షాపు అన్న మంచివాడే, చేతిలో పనీ ఉంది. కానీ బండ నోటిలో ఉండే వాల్వు, రబ్బరు వాషర్ పని అతనిది కాదు. వచ్చిన మనిషి దగ్గర ఏజెన్సీ గుర్తింపు కార్డు ఉందో లేదో అడగండి.

మన ఇళ్లలో అసలు అడ్డంకి వేరే ఉంది. "ఆళ్లకు ఫోన్ చేస్తే డబ్బులడుగుతారేమో, ఏమన్నా అంటారేమో" అని అమ్మలు ఊరుకుంటారు. ఆఫీసు అంటే భయం, ఇంగ్లిషు మాట అంటే భయం, ఎవరో పైవాళ్లను ఇబ్బంది పెడుతున్నామన్న మొహమాటం. బండ, రెగ్యులేటర్ కంపెనీవి. మనం కట్టేది, పథకంలో అయితే ప్రభుత్వం కట్టేది, డిపాజిట్ మాత్రమే. కంపెనీ వస్తువు బాగుందో లేదో చూడమని కంపెనీని పిలవడం అడుక్కోవడం కాదు. ఆ ఫోన్ మనం చేసి, అమ్మ చేత కూడా ఒకసారి చేయించాలి. మనం ఊళ్లో లేని రోజు ఆమే చేయాలి కదా.

హాస్టల్ వంటగది

మన వంటగదిలో వాడేది 19 కిలోల బండ. వంద మందికి అన్నం వండేటప్పుడు బండ చుట్టూ చెమట పట్టి, కొన్నిసార్లు తెల్లగా మంచు కట్టడం చూసే ఉంటారు. ద్రవం గ్యాస్‌గా మారాలంటే వేడి కావాలి. ఆ వేడిని బండ నుంచే లాక్కుంటుంది, బండ చల్లబడుతుంది, మంట తగ్గుతుంది. అప్పుడు బండను వేడినీళ్ల తొట్టిలో పెట్టడం, కింద నిప్పు పెట్టడం చాలా చోట్ల అలవాటు. ఒత్తిడి ఎంత పెరుగుతుందో మన చేతిలో ఉండదు. సరైన దారి, రెండు మూడు బండలను ఒకే గొట్టానికి కలిపి భారం పంచడం. ఆ అమరికను ఏజెన్సీ వాళ్లే చేయాలి, బండలు వంటగది బయట ఉండాలి. ఇది వంటమనిషి, కమాటి సొంతంగా చేసుకునే పని కాదు. వాళ్లను తప్పుపట్టే పని అంతకన్నా కాదు, ఆ గదిలో రోజంతా ఉండేది వాళ్లే. నూనె అంటుకుంటే మాత్రం నీళ్లు పోయకుండా పొయ్యి కట్టేసి మూత పెట్టాలని పిల్లలందరికీ తెలిసి ఉండాలి.

వాసన రాని ప్రమాదం

ఇప్పుడు చెప్పేది హాస్టల్ దాటి ఒంగోలు, గుంటూరు, హైదరాబాద్ గదుల్లో ఉంటున్న అన్నలకు, తమ్ముళ్లకు. స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉన్న అద్దె ఇళ్లు ఉన్నాయి. చిన్న గది, కిటికీ మూసి, తలుపు గడియ పెట్టి, గీజర్ నడుస్తుంటే లోపలి ఆక్సిజన్ నిమిషాల్లో తగ్గుతుంది. అప్పుడు గ్యాస్ సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కలిపిన మెర్కాప్టన్ కూడా మంటలో కాలిపోతుంది కాబట్టి ముక్కు సాయం చేయదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఇది అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం వస్తాయి, కాళ్లు తేలిపోతాయి. గడియ తీయాలని తెలుస్తుంది, చెయ్యి లేవదు. చలికి కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకున్నా జరిగేది ఇదే.

గ్యాస్ గీజర్ స్నానాల గది బయట, గాలి ఆడే చోట ఉండాలి, లోపలికి నీళ్ల గొట్టం మాత్రమే రావాలి. ఇంటి యజమాని ఒప్పుకోకపోతే తలుపు తెరిచి ఉంచి బకెట్ నింపుకుని, గీజర్ ఆపేసి, ఆ తర్వాతే స్నానం చేయండి. గీజర్ లోపల ఏ మరమ్మతూ మన చేతి పని కాదు.

చదువుకోసం లండన్, లెస్టర్ వెళ్తున్న మన తెలుగు పిల్లలకు అక్కడ ఇంకో రూపంలో ఇదే ఎదురవుతుంది. అక్కడ ఇల్లు వెచ్చగా ఉండటానికి, నీళ్లు కాగడానికి గోడకు గ్యాస్ బాయిలర్ ఉంటుంది. 1998 నిబంధనల ప్రకారం అద్దెకిచ్చే యజమాని ఏటా దాన్ని తనిఖీ చేయించి, ఆ కాగితం అద్దెదారుకు ఇవ్వాలి. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న ఇంజనీరు తప్ప ఎవరూ దానిమీద పని చేయకూడదు. 2009లో వచ్చిన ఈ రిజిస్టర్ కార్డు చూపించమని అడగడం అక్కడ మామూలే. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం చిన్న పెట్టెలా ఉంటుంది. బ్యాటరీ కోసం దాన్ని విప్పుకోకండి.

ఇక మన పట్నం గదుల్లో పెద్ద బండ నుంచి చిన్న బండలోకి గ్యాస్ ఎక్కించి అమ్మే దుకాణాలున్నాయి. అది నేరం, దానికి మించి ఆ చిన్న బండకు పరీక్ష లేదు, తేదీ లేదు. కంపెనీలే 5 కిలోల బండలను గుర్తింపు కార్డు చూపిస్తే అమ్ముతున్నాయి, పెట్రోలు బంకుల్లో కూడా దొరుకుతాయి. ధర ఎక్కువే. ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవచ్చు.

చివరగా, కంపెనీ బండల వల్ల ప్రమాదం జరిగితే బాధితుల కోసం చమురు కంపెనీలు బీమా చేయించి ఉంచుతాయి, దానికి వినియోగదారు వేరే ప్రీమియం కట్టనక్కరలేదు. ప్రమాదం జరిగిన వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలియజేయాలి, పోలీసులకు కూడా చెప్పాలి. గ్యాస్ పుస్తకం, పైపు కొన్న బిల్లు ట్రంకు పెట్టెలో ఉన్నాయో లేవో ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు చూడండి.