గ్లాడ్‌స్టన్ జీవితము – హోమరు కావ్యములలోని రంగులు

రాజ్యభారమునకును శాస్త్రపరిశ్రమకును పొత్తు కుదరదని లోకమున నొక వాడుక కలదు. ఈ మాటకు మన దేశమున శ్రీకృష్ణదేవరాయ లపవాదమైనట్లే, ఆంగ్లేయులలో విలియం యూవార్ట్ గ్లాడ్‌స్టన్ అపవాదము. ఆతడు 1868 మొదలు 1894 వఱకు గల కాలమున నాలుగుమార్లు ప్రధానామాత్యుడయ్యెను. ఆతడే హోమరు కావ్యములను గూర్చి మూడు సంపుటముల గ్రంథమును వ్రాసెను. ఆ గ్రంథమున రంగుల పేర్లను గూర్చిన ప్రకరణ మొకటి కలదు. అందాతడు గమనించిన విషయము సత్యము. దానినుండి చేసిన యనుమానము మాత్రము దోషయుక్తము. వ్యాకరణము చదివినవారి కీ దోషము మిక్కిలి బోధకము. కావున నాతని చరిత్రమును సంగ్రహముగా జెప్పి, పిదప నా ప్రకరణమును విమర్శించెదను.

గ్లాడ్‌స్టన్ 1809వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన లివర్‌పూలు నగరమున జన్మించెను. తండ్రి జాన్ గ్లాడ్‌స్టన్ స్కాట్లండునుండి వచ్చి స్థిరపడిన వర్తకుడు. డెమెరారా, జమైకా ప్రాంతములందు తోటలును, వానిలో బనిచేయు రెండువేలకు మించిన బానిసలును గలవాడు. కుమారు డీటన్ పాఠశాలయందును, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందును జదివి, 1831లో ప్రాచీనభాషలయందును గణితమునందును ప్రథమశ్రేణిలో నుత్తీర్ణుడయ్యెను. మతాచార్యుడు కావలెనని యాతని కోరిక. తండ్రి యిష్టము వేఱు. 1832లో, ఇరువదిమూడేండ్లు నిండకముందే, నూవార్కు నియోజకవర్గమునుండి టోరీ పక్షమున కామన్సు సభకు ఎన్నికయ్యెను. మఱుసటి యేడు బానిసత్వమును రద్దుచేయు బిల్లు చర్చకు వచ్చినపుడు తోటల యజమానుల పక్షమున వాదించెను. ఆ శాసనముచే యజమానులకు నష్టపరిహారము లభించెను. ఆతని తండ్రికి ముట్టినది లక్ష పౌనులకు మించెను. 1838లో వెలువరించిన తొలి గ్రంథమున, ప్రభుత్వము సత్యమని నమ్మిన యొక్క మతసంఘమునే పోషింపవలెనని సిద్ధాంతము చేసెను. దానిని మెకాలే 1839లో తీవ్రముగా ఖండించెను.

ఇట్లు పూర్వాచారమునకు గట్టి రక్షకుడుగా బయలుదేఱినవాడు క్రమముగా మాఱెను. 1846లో ధాన్యముపై సుంకములను రద్దుచేసిన ప్రధానామాత్యుడు రాబర్టు పీలు ననుసరించెను. ఆ కారణమున టోరీ పక్షము చీలెను. నేపిల్సు రాజ్యమందలి చెఱసాలలను గన్నులార జూచి, రాజకీయబందీల దురవస్థను 1851లో లేఖారూపమున బ్రకటించెను. 1852లో కోశాధిపతి యయ్యెను. 1859లో లిబరలు పక్షమువారితో గలిసి, పామర్‌స్టన్ మంత్రివర్గమున మరల నా పదవినే వహించెను. కాగితముపై సుంకము పుస్తకములను, వార్తాపత్రికలను ప్రియము చేయుచున్నదని దానిని దొలగింప బూనగా, 1860లో లార్డుల సభ యా బిల్లును ద్రోసివేసెను. 1861లో నాతడు పన్నుల ప్రతిపాదనల నన్నిటిని ఒక్కటే బిల్లుగా గూర్చి పంపెను. అంతటిని ద్రోసివేయుటకు ప్రభువులు సాహసింపలేదు, సుంకము పోయెను. చౌకవెలకు పుస్తకము లభింపవలెనని కోరు మనవంటివారు స్మరింపదగిన కార్యమిది.

1868లో ప్రధానామాత్యుడైన పిదప, 1869లో ఐర్లండునందలి ఆంగ్లికను మతసంఘమునకు గల రాజాశ్రయమును శాసనముచే దొలగించెను. ప్రజలలో నధికసంఖ్యాకులు కాథలిక్కులైన దేశమున నా సంఘమును ప్రభుత్వము పోషించుట యన్యాయమని యాతడు గ్రహించెను. 1838 నాటి తన సిద్ధాంతమును దానే విడిచిపెట్టె నన్నమాట. ఆతని ప్రభుత్వమే 1870లో ఇంగ్లండునందు ప్రాథమికవిద్యాశాసనమును, 1872లో రహస్యముగా ఓటువేయు పద్ధతిని నెలకొల్పెను. 1876లో బల్గేరియనులపై జరిగిన ఘాతుకములను ఖండించుచు నొక చిన్న పుస్తకమును వ్రాసి, ప్రతిపక్షి డిజ్రేలీ విధానమును గలచివైచెను. 1878లో హిందూదేశమున దేశభాషాపత్రికలను నిర్బంధించు శాసనము వెలువడగా, ప్రతిపక్షమున నుండి కామన్సు సభలో దానిని విమర్శించెను. 1880లో రెండవమాఱు ప్రధానామాత్యుడైనపుడు రిప్పను ప్రభువును మన దేశమునకు రాజప్రతినిధిగా బంపెను. ఆ శాసనము 1882లో రద్దయ్యెను. అయినను, ఇతరదేశముల స్వేచ్ఛను గూర్చి యంతగా బలికినవాని ప్రభుత్వమే 1882లో అలెగ్జాండ్రియాపై ఫిరంగులు ప్రేల్చి యీజిప్టు నాక్రమించెను. ఈ మచ్చను దాచుట న్యాయము కాదు. ఐర్లండునకు స్వపరిపాలన మొసగ నాతడు తెచ్చిన బిల్లు 1886లో కామన్సు సభలో 30 ఓట్ల తేడాతో నోడెను. 1893లో నచట గెలిచియు లార్డుల సభలో 41కి ఎదురు 419 ఓట్లతో నోడెను. 1894లో, 84వ యేట, పదవిని విడిచెను. 1898 మే 19వ తేదీన వేల్సునందలి హావార్డెను గృహమున గాలధర్మము నొందెను.

ఇక హోమరు సంగతి. 1858లో, పదవిలేని కాలమున, హోమరును ఆ కవి కాలమును గూర్చిన యాతని పరిశీలనగ్రంథము వెలువడెను. అందు మూడవ సంపుటమున నీ ప్రకరణము కలదు. ఇలియడ్, ఒడిస్సీ కావ్యములలోని రంగుల మాటల నాతడు ప్రయోగము వెంట ప్రయోగముగా వెదకి యొకచో జేర్చెను. చేర్చినకొలది వింత తోచెను. ద్రాక్షాసవమును బోలినది యను విశేషణము సముద్రమునకును గలదు, ఎద్దులకును గలదు. ఊదారంగు పూవుతో బోల్చు విశేషణములు సముద్రమునకును, గొఱ్ఱెయున్నికిని, ఇనుమునకును గూడ వచ్చినవి. ‘ఖ్లోరోస్’ అను శబ్దమునకు ఆకుపచ్చ యని యర్థము చెప్పుదురు గదా, హోమరు దానిని తేనెకును, భయముచే వెలవెలబోయినవారికిని, అప్పుడే నఱకిన కొమ్మలకును వాడెను. ఆకాశము నక్షత్రమయమనియు, లోహమయమనియు వర్ణింపబడెనే కాని, నీలమని యొక్కచోటను జెప్పబడలేదు. తెలుపు నలుపుల మాటలు మాత్రము మిక్కుటముగా నున్నవి. ఇంతవఱకు నాతని పరిశ్రమ శ్లాఘనీయము. తరతరములుగా నా కావ్యములను వల్లించినవారు చూడని దాని నాతడు చూచెను.

దీనినుండి యాతడు, ప్రాచీన గ్రీకుల నేత్రేంద్రియము రంగులను గ్రహించుటలో నింకను బూర్తిగా వికసింపలేదనియు, వారికి వెలుతురు చీకటుల తారతమ్యమే ముఖ్యముగా గోచరించె ననియు ననుమానించెను. 1877లో జర్మను నేత్రవైద్యుడు హ్యూగో మాగ్నసు ఇట్టి వాదమునే చేయగా, గ్లాడ్‌స్టన్ ఆ యేడే మరల నొక వ్యాసము వ్రాసి తన పక్షమును మఱింత దృఢపఱచెను.

శబ్దము లేనంతమాత్రమున నర్థజ్ఞానము లేదనరాదు. ఇందులకు దూరమేల? అమరసింహుడు నీలశబ్దమును కృష్ణ, అసిత, శ్యామ, కాల శబ్దములతో నొకేచోట బర్యాయముగా జదివెను. అంతమాత్రమున నాతడు నీలోత్పలమునకును కాటుకకును రంగుభేద మెఱుగడని యెవ్వరందురు? మన తెలుగుననో, పసుపును బచ్చన, చిగురును బచ్చన, బంగారమును బచ్చన. భేదము చెప్పవలసినపుడు పసుపుపచ్చ, ఆకుపచ్చ యని విశేషణమును జేర్చుదుము; లేనినాడు పచ్చ యని యూరకుందుము. అక్షరమురాని రైతును వరిచేను చాయ మాఱుట చూచియే కోతకు దినము నిర్ణయించును. కన్నులకు లోపము లేదు. వ్యవహారమున కక్కఱలేనిచో మాటను విడదీయుట లేదంతే.

మఱియు, ఒక శబ్దమును రంగుల పట్టికలో జేర్చుటకు ముందు దాని ప్రవృత్తినిమిత్త మేదో విచారింపవలెను. మన ‘పచ్చి’ శబ్దమును జూడుడు. పచ్చికట్టె, పచ్చిపాలు, పచ్చిపుండు అన్నపుడు రంగేమున్నది? ఆఱనిది, కాగనిది, మాననిది యనియే యర్థము. ‘ఖ్లోరోస్’ శబ్దమునకును పెక్కుచోట్ల రసము గలిగి క్రొత్తగా నుండుటయే నిమిత్తమనుకొన్నచో, తేనెకును క్రొత్తకొమ్మకును నొకే విశేషణ మేల వచ్చెనో సుబోధమగును.

తరువాతి పరిశోధనములును ఇట్లే తేల్చినవి. 1879లో గ్రాంటు ఆలెను అనునతడు పలుదేశముల నున్నవారికి బ్రశ్నలు పంపి, రంగులపేర్లు తక్కువైన జనులును రంగులను మనవలెనే చూచుచున్నారని చూపెను. 1880లో మాగ్నసు తానును అట్టి విచారణనే జరిపి, చూచుట వేఱు, పేరిడుట వేఱని యొప్పుకొనెను. 1969లో బెర్లిను, కే అను నిరువురు పలుభాషలను బోల్చి, తెలుపు నలుపుల మాటలు ముందును, ఎఱుపు పిదపను, పసుపు ఆకుపచ్చలు దాని తరువాతను, నీలము వానికిని వెనుకను భాషలలో నేర్పడునని ప్రతిపాదించిరి. అనగా గ్లాడ్‌స్టన్ గమనించిన క్రమము కన్నులది కాదు, భాషలది.

రాజకీయములందు తన తొలి సిద్ధాంతమును విడుచుటకు సంకోచింపని యీ పురుషుడు, శాస్త్రమున నిరువదియేండ్ల పిదపను దాని నేల పట్టుకొనెను? ఐర్లండు ప్రజలు బ్రదుకుచు బలుకుచు నెదుట నిలిచిరి. హోమరు నాటి గ్రీకులు ప్రత్యుత్తర మీయజాలరు. మనమును బ్రాచీనకావ్యములకు వ్యాఖ్య చెప్పునపుడు ఇట్టి నిశ్శబ్దముతోనే వ్యవహరింతుము. కావున విద్యార్థి “ఈ కవికి నీలము తెలియదా?” యని యడిగినచో, ముందు ప్రయోగముల నన్నిటిని గూర్పుమందము; అది గ్లాడ్‌స్టన్‌నుండి నేర్వదగినది. పిదప నిమిత్తమును విచారించి, కన్నులమీద దీర్పు చెప్పక యాగుమందము. అది యాతని పొరపాటునుండి నేర్వదగినది.