జంట ఉపగ్రహ మోడెములు: దూరనియంత్రణ, హెచ్చరికల అమరిక

ఉపోద్ఘాతం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్తుతో పాటు సెల్‌ఫోన్ సేవలూ స్తంభించాయి. నేలమీది తీగలు, టవర్లు దెబ్బతిన్నప్పుడు ఉపగ్రహ మార్గం ఆధారమవుతుంది. అందుచేత ముఖ్యమైన భూకేంద్రాలలో ఒక మోడెమ్‌కు తోడుగా మరొకదానిని సిద్ధంగా ఉంచుతారు. అయితే రెండు యంత్రాలు ఉన్నంత మాత్రాన భద్రత సమకూరదు. మొదటిది చెడిన సంగతే కాక, రెండవది ముందే చెడి ఉన్న సంగతి కూడా దూరాన ఉన్న నిర్వాహకునికి తెలియాలి. అందుకు తగిన అమరికను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

వ్యవస్థ స్వరూపం

1:1 పద్ధతిలో ఒక మోడెమ్ సేవలో ఉంటుంది, మరొకటి సన్నద్ధంగా ఉంటుంది. రెండింటినీ ఒక స్విచ్ అనుసంధానిస్తుంది. ఫ్రీక్వెన్సీ, డేటా వేగం, మాడ్యులేషన్, ప్రసారశక్తి రెండింటిలోనూ ఒకటిగా ఉండాలి. సేవలోని మోడెమ్‌లో చేసిన ప్రతి మార్పునూ రెండవదానిలోనూ నమోదు చేయకపోతే, మార్పిడి జరిగిన క్షణంలోనే సంబంధం తెగిపోతుంది. సన్నద్ధ మోడెమ్ ప్రసారం మాత్రం బయటికి వెళ్ళరాదు. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండూ ప్రసారం చేస్తే ఒకదాని సంకేతాన్ని మరొకటి చెరుపుతుంది.

దూరనియంత్రణ

ఆర్‌ఎస్-485 తీగపై అనేక పరికరాలను కలపవచ్చు. ప్రతి పరికరానికీ వేరు చిరునామా తప్పనిసరి. ఒకే చిరునామా ఇస్తే రెండూ ఒకేసారి బదులిచ్చి సమాచారం కలగాపులగమవుతుంది. ఐపీ నెట్‌వర్క్‌పై ఎస్‌ఎన్‌ఎంపీ వాడితే ప్రశ్నలు సాధారణంగా 161వ పోర్టుకు, ట్రాప్ అనే హెచ్చరికలు 162వ పోర్టుకు వెళ్తాయి. ట్రాప్‌కు రసీదు ఉండదు, దారిలో పోయినా పంపిన పరికరానికి తెలియదు. కనుక నిర్ణీత వ్యవధిలో స్థితిని అడిగి తెలుసుకోవడమూ అవసరమే.

మరొక కీలకాంశం నియంత్రణ మార్గం. ఆదేశాలు అదే ఉపగ్రహ మార్గంలో వెళ్తుంటే, తప్పు ఫ్రీక్వెన్సీ ఇచ్చిన ఒక్క ఆదేశంతో దానిని సరిదిద్దే దారి కూడా మూసుకుపోతుంది. కాబట్టి వేరొక మార్గాన్ని ఏర్పరచుకోవడం శ్రేయస్కరం.

హెచ్చరికల అమరిక

హెచ్చరిక రిలేను మామూలు స్థితిలో విద్యుత్ ప్రవహించేలా అమర్చాలి. అప్పుడు మోడెమ్‌కు విద్యుత్ ఆగిపోయినా రిలే వదిలి హెచ్చరిక ఇస్తుంది. దీనికి విరుద్ధంగా అమర్చితే నిర్జీవమైన యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

ప్రతి హెచ్చరికా మార్పిడికి కారణం కారాదు. కేయూ బ్యాండ్‌లో భారీ వర్షం సంకేతాన్ని బలహీనపరిస్తే రెండు మోడెములకూ ఒకే నష్టం. అప్పుడు మార్చడం వల్ల ప్రయోజనం లేకపోగా సేవకు అంతరాయం కలుగుతుంది. రెండింటిలోనూ సంకేతం పోతే మార్పిడి ఆపి, ఒకదానిలో మాత్రమే పోతే మార్పిడి జరపాలి. క్షణికమైన దోషానికి స్పందించకుండా కొంత నిరీక్షణ కాలాన్ని కూడా నిర్ణయించాలి.

ముగింపు

సన్నద్ధ మోడెమ్ లోపాన్ని సేవకు అంతరాయం లేదన్న కారణంతో చిన్నదిగా పరిగణించరాదు. ఆ క్షణం నుంచి వ్యవస్థ ఒంటరి యంత్రంపైనే నడుస్తున్నది. తుపాను కాలానికి ముందే మార్పిడిని చేతితో జరిపి, హెచ్చరిక నిర్వాహకుని వరకు చేరుతున్నదని నిర్ధారించుకోవాలి. పరీక్షించని సన్నద్ధతను సన్నద్ధతగా లెక్కించలేము.